వంద గడియారాల్లో ఒకటి

సూరత్‌లో నా పని చీరలకు డిజైన్లు గీయడం. పర్వత్ పాటియాలోని మా మగ్గాల మీదికి నా కొత్త డిజైన్ ఎక్కిందంటే, వారం తిరక్కుండానే దాని నకలు మార్కెట్ నిండా కనిపిస్తుంది. అడిగేదెవరు? మేమూ పక్కవాళ్లవి ఎత్తుకొచ్చినవాళ్లమే. అందుకే ఈ ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేని వస్తువు ఒక్కటంటే ఒక్కటి నాకుండాలని ఎప్పటినుంచో పిచ్చి. చిట్టీ ఎత్తి, వంద మాత్రమే చేసే లిమిటెడ్ ఎడిషన్ చేతి గడియారం ఒకటి బుక్ చేశాను.

షోరూమ్ నుంచి ఫోన్ రాగానే నాకు కాలు ఒక్కచోట నిలవలేదు. మా ఆయన్ని స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని అడాజన్‌లోని ఆ షోరూమ్ దాకా నేనే తోలాను. సేల్స్‌మన్ తెల్ల గ్లవుజులు తొడుక్కుని డబ్బా తెరిచాడు. నీలి డయల్ మీద సన్నని అలలు! వెనక్కి తిప్పితే వందలో నలభై ఒకటి అని చెక్కి ఉంది.

నంబరు వేయడానికేముంది, మావాళ్లు మామూలు చీరకైనా వేసిపెడతారు. "అచ్చు పగలగొట్టారా?" అని హిందీలో అడిగాను. డయల్ అచ్చును కంపెనీ ముక్కలు చేసేసిందనీ, ఇంకా ఎంతమంది అడుగుతున్నా మళ్లీ చేయదనీ అతను చెప్పాడు.

"గిరాకీ ఉండంగ ఎవడన్న ఆపుతడా? గప్పాలు కొడుతున్నడు," అని మా ఆయన నా చెవిలో గొణిగాడు.

నాకూ అదే అనుమానం. అయినా పెట్టుకునే బయటికొచ్చాను. సిగ్నల్ పడ్డ ప్రతిచోటా చెయ్యెత్తి చూసుకున్నాను. వెనక నుంచి మా ఆయనా తొంగిచూశాడు, ఫోన్‌తో ఫొటో కూడా తీశాడు. ముచ్చటపడుతున్నాడనుకున్నాను.

కొద్దిరోజులకు కార్ఖానాలోకి వెళ్తే మగ్గం మీద నా గడియారం! అదే నీలం, కొంగు నిండా అవే అలలు. మా ఆయన ఆ ఫొటో చూపించి, బయట డిజైన్ గీయించి, దాన్ని మగ్గానికెక్కించే చిల్లుల అట్టలు కూడా కొట్టించేశాడు.

"ఏందిది? నా ఒక్కదానికే ఉండాలనుకుంటే, ఊరంతకు కట్టిస్తున్నవా?"

"జర చూడవే, ఎంత మంచిగొచ్చిందో! చీరలు కొనే పార్టీ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నడు. ఇంక మాల్ కావాల్నట."

ఒళ్లు మండింది. కొంగు చేతిలోకి తీసుకున్నాను. దొంగ మొగుడు, ఎంత అందంగా నేయించాడు! నేను గీసినవేవీ ఇంత బాగా రాలేదు. కోపమో సంతోషమో తెలియకుండానే మగ్గం స్విచ్ కట్టేసి, కత్తెర తీసుకుని అట్టల్ని ముక్కలు చేస్తూ పోయాను.

"పిచ్చి లేసిందా ఏందే! గిరాకీ ఉండంగ..."

"ఉన్నప్పుడే ఆపాలె!"

నవ్వు ఆగడం లేదు. రేపు పక్కవాడు నకలు తీస్తాడని తెలుసు. తీయనీ. అంతలో పార్టీ మళ్లీ ఫోన్ చేశాడు. నేనే ఎత్తి, మాల్ అయిపోయింది, ఇక రాదు అని చెప్పాను. కొనేవాడు ఇంకా అడుగుతుండగా మా ఇంట్లో ఎవరైనా ఆ మాట అనడం అదే మొదటిసారి.