మావయ్యగారి ల్యాప్‌టాప్‌కు నా వైద్యం

ఒక ల్యాప్‌టాప్‌నూ, నా పరువునూ ఒకే పూటలో ఎలా కాల్చేశానో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. ల్యాప్‌టాప్‌ తరవాత బాగైంది. పరువుకే ఇంతవరకూ స్పేర్ పార్టులు దొరకలేదు.

అప్పటికి నాకు పెళ్లయి నాలుగు నెలలు. విజయవాడలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. సెలవులిస్తే నేనూ, మా ఆవిడ శ్రావణీ చల్లపల్లిలో అత్తవారింటికి వెళ్లాం. మావయ్యగారిది చేనేత చీరల వ్యాపారం. చీరల డిజైన్లన్నీ ఆయన ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. మర్నాడు పొద్దున హైదరాబాదు షాపువాళ్లకు వాటిని వీడియో కాల్‌లో చూపించాలి. ఆ ఆర్డరు వస్తేనే ఆయన మగ్గాలకు ఆ సీజనంతా పని.

సరిగ్గా అప్పుడే దాని ఛార్జింగ్ సాకెట్టు వదులైపోయింది. పిన్ను గుచ్చి, వైరును కాస్త ఎడమకు వంచి, కింద అగ్గిపెట్టె ఎత్తు పెట్టి, ఊపిరి బిగబడితే ఛార్జింగ్ ఎక్కేది. ఎవరైనా తుమ్మితే పోయేది.

"బెజవాడ పంపిద్దామా బాబూ?" అన్నారు మావయ్యగారు.

"దీనికి బెజవాడ దాకా ఎందుకండీ, ఇంట్లో నేనుండగా!"

చూశారా? నన్నెవరూ అడగలేదు. కొత్త అల్లుడి నోరు దానంతటదే తెరుచుకుంది.

ఆయన మగ్గాల దగ్గరికి వెళ్లగానే పక్కింటి నుంచి సోల్డరింగ్ ఐరన్ తెచ్చి రంగంలోకి దిగాను. ఓమ్ సూత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను గానీ, ఆ ఐరన్‌ని చివరిసారి చూసింది డిగ్రీ ల్యాబ్‌లో. అప్పుడు కూడా పట్టుకున్నది నా పక్కవాడు. ఎలాగో సాకెట్టు అతికించి మూత బిగించాను. నాలుగు స్క్రూలు మిగిలాయి. కంపెనీవాళ్లు ధారాళంగా పెట్టి ఉంటారనుకుని జేబులో వేసుకున్నాను. ప్లగ్గు పెట్టి స్విచ్చి నొక్కాను.

టప్పుమంది. సన్నగా పొగ లేచింది.

"ఏవండీ, ఏదో మాడుతోంది!" అంది శ్రావణి వంటింట్లోంచి.

"పోపేమో చూడు!"

"నేనింకా పొయ్యే వెలిగించలేదండీ!"

వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "నాన్నగారు వచ్చేలోగా బెజవాడ వెళ్లండి. గవర్నర్‌పేటలో జ్యోతిగారని ఉన్నారు, కాలేజీ రోజుల్లో నా ల్యాప్‌టాప్ ఆవిడే బాగుచేసింది" అని షాపు గుర్తులు చెప్పింది. ల్యాప్‌టాప్‌ను తువ్వాల్లో చుట్టి, జ్వరమొచ్చిన పసిబిడ్డను ఆసుపత్రికి మోసుకెళ్లేవాడిలా బస్సెక్కాను.

షాపులో జనం. గంటకు పైగా కూర్చున్నాక నా వంతు వచ్చింది. జ్యోతిగారు మూత విప్పుతూ, "మీరేం చేస్తుంటారండీ?" అని మాట కలిపింది.

"ఫిజిక్స్ లెక్చరర్నండీ" అన్నాను దర్జాగా.

మూత ఊడింది. ఆవిడ దాన్ని లైటు కిందికి లాక్కుని చూసింది.

"ఇది సోల్డరింగాండీ, గారెల పిండాండీ? ప్లస్సూ మైనస్సూ కలిపేశారు! ఎవరండీ ఈ పని చేసింది?"

లెక్చరర్నని చెప్పిన నోటితో నేనేనని ఎలా చెప్పను? మీరైనా చెప్పగలరా?

"మా మావయ్యగారండీ" అన్నాను.

"అయ్యో. మీరు చూస్తూ ఊరుకున్నారా?"

"చెప్పి చూశానండీ. వినరు. అన్నీ తనకే తెలుసంటారు. పెద్దాయన కదా, చూపు కూడా సరిగా ఆనదు."

"ఇలాంటివాళ్ల చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వకూడదండీ."

"నేనూ అదే మొత్తుకుంటానండీ!"

"బాబూ," అని వెనక నుంచి వినిపించింది, "ఛార్జరు మర్చిపోయి వచ్చారు."

తిరిగి చూస్తే మావయ్యగారు! చేతిలో ఛార్జరు. నేను బయల్దేరిన కాసేపటికే ఇంటికొచ్చి, శ్రావణిని అడిగి, తరవాతి బస్సు పట్టుకున్నారట. ఎంతసేపటి నుంచి నుంచున్నారో ఆ దేవుడికే తెలియాలి.

"మీరేనాండీ మావయ్యగారు?" అంది జ్యోతిగారు.

ఆయన నావంక చూశారు. తరవాత ఆవిడవంక తిరిగి చేతులు కట్టుకున్నారు. "అవునమ్మా. నాదే పొరపాటు."

"ఇకనుంచైనా మీ అల్లుడుగారి మాట వినండి సార్."

"వింటానమ్మా. బాగా చదువుకున్నవాడు."

ఆ మాట కంటే చెంపదెబ్బ నయం. ఆవిడ ఇంకో పది నిమిషాలు పాఠం చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపుతూ విన్నారు. నేను గోడనున్న క్యాలెండర్లో తిథులన్నీ చదివాను. అదృష్టవశాత్తూ పోయింది ఫ్యూజొక్కటే. అదీ, సాకెట్టూ మార్చేసరికి ల్యాప్‌టాప్ లేచి కూర్చుంది. డిజైన్లన్నీ భద్రంగా ఉన్నాయి.

తిరుగు బస్సు ఉయ్యూరు దాటింది. చివరికి నేనే, "మావయ్యగారూ, క్షమించండి" అన్నాను.

"దేనికి బాబూ? నేనూ పెళ్లయిన కొత్తలో మా మావగారి రేడియో విప్పాను. మళ్లీ పలకలేదది."

నాకు ప్రాణం లేచొచ్చింది. "మరి ఏం చెప్పారండీ?"

"మీ అత్తయ్య విప్పిందని చెప్పాను."

"అత్తయ్యగారు ఒప్పుకున్నారాండీ?"

"ఆ పూట ఒప్పుకుంది బాబూ" అని కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ నిట్టూర్చారు. "ముప్పై ఏళ్లుగా దెప్పుతోంది."

ఆ బస్సులోనే, కండక్టరు సాక్షిగా, ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో మళ్లీ ఏ యంత్రం మూతా విప్పను. ఖర్మకాలి విప్పినా, నేరం ఎవరి మీద వెయ్యాలనుకుంటున్నానో ఆ మనిషికి ముందు ఫోన్ చేసి, ఎక్కడున్నారో కనుక్కుంటాను.