లారీ కుక్కకు సాంబ్రాణి పొగ

పైసలిచ్చాడు! కుక్కకు ఒళ్లు పట్టినందుకు ఒక మనిషి నా చేతిలో పైసలు పెట్టి పోయాడు! నిన్న సాయంత్రం, మా భువనగిరిలో, మా బాపు సైకిల్ షాపు నడిపిన షట్టర్‌లోనే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. పాసైన రోజు కూడా ఇంత సంతోషం లేదు. కానీ భయం ఇంకా పూర్తిగా పోలేదు. ఎందుకో తెలియాలంటే మొదటి నుంచి చెప్పాలి.

డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో కుక్కల దవాఖానలో కొన్నాళ్లు పనిచేశాను. ముసలి కుక్కలకు, ఆపరేషన్ అయిన కుక్కలకు కాళ్లు, నడుము పట్టడం అక్కడే నేర్చుకున్నాను. ఆ పని నా చేతులకు నచ్చింది. ఇంటికొచ్చి, దాంతోనే షాపు పెడతానన్నాను. సైకిళ్లు బాగుచేయించుకునేవాళ్లు తగ్గిపోయి బాపు షట్టర్ అప్పటికే ఖాళీగా ఉంది. ఫోన్లు రిపేరు చేసే ఒకాయన దాన్ని కిరాయికి అడుగుతున్నాడు.

"దసరా దాక సూస్త బిడ్డా," అన్నాడు బాపు. "గప్పటి దాక ఒక్కడన్న పైసలిచ్చి కుక్కకు ఒళ్లు వట్టిచ్చుకుంటే షట్టర్ నీదే. లేకుంటే గాయనకు కిరాయికిస్త. నువ్వు మల్ల పట్నం వోయి కొలువు జేస్కో."

'పెంపుడు జంతువులకు మసాజ్' అని బోర్డు రాయించాను. కింద రేటు కూడా. చూసి నవ్వని మనిషి లేడు. ఎదురింటి అత్త అయితే గడప మీద కూలబడి నవ్వింది.

"ఏమే పోరీ, మా ఇంటాయనను తోల్కొస్త, వడుతవా? గాయన గూడ ఊకె మొరుగుతనే ఉంటడు."

"కరుస్తడా అత్తా?"

"పండ్లేడున్నయే కరువనీకి!"

నేనూ నవ్వాను. సాయంత్రం షట్టర్ దించేటప్పుడు మాత్రం దసరాకు ఇంకెన్ని రోజులున్నాయో లెక్కపెట్టుకునేదాన్ని. ఒకాయన వచ్చి బర్రెకు పడతావా అన్నాడు. ఇంకొకాయన ప్యాంటు పైకి మడిచి తన మోకాళ్లే చూపించాడు. పైసలిచ్చే మనిషి రాలేదు.

ఇంకో భయం ఎవరికీ చెప్పలేదు. నాకు పెద్ద కుక్కలంటే భయం. దవాఖానలో నేను ఒళ్లు పడుతుంటే మూతి ఇంకొకరు పట్టుకునేవారు. ఇక్కడ మూతి దగ్గరా నేనే, తోక దగ్గరా నేనే.

దసరా దగ్గర పడింది. నిన్న మధ్యాహ్నం షట్టర్ ముందు సిమెంటు లారీ ఆగింది. తెల్ల మీసాల డ్రైవర్ దిగి, అవతలి తలుపు తీసి, కడుపు కింద తువాల వేసి ఒక పెద్ద నల్ల కుక్కను దింపాడు. మేళ్లచెరువు నుంచి సిమెంటు తెచ్చే లారీ అది. కుక్క అందులోనే పెరిగిందట. క్యాబిన్‌లో ఆయన పక్క సీటు దానిదే.

"ఎనుక కాళ్లు వట్టేసినయ్ బిడ్డా. తువాల ఏసి లేపితేనే లేస్తాంది. నొప్పికి నిద్ర గూడ వోతలేదు."

"దవాఖానల సూపెట్టినవా కాకా?"

"సూపెట్టిన. ముసల్దైంది, కీళ్లు అరిగినయన్నరు. గోలీలిచ్చిన్రు. నువ్వు జర సూడు, నేను లోడు దింపిచ్చొస్త."

"కరుస్తదా?"

"నన్నైతే ఎన్నడు గరువలే," అని లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

కుక్కా నేనూ మిగిలాం. పాత చీర మడతపెట్టి దాని పక్కన పరిచి, నేనూ కూర్చున్నాను. మెడ మీద చెయ్యి వేస్తే గుర్రుమంది. చెయ్యి తీస్తే నా భయం దానికి తెలిసిపోతుందని తీయలేదు. మెల్లగా వీపు మీదుగా నడుముకు వచ్చాను. వెంట్రుకల్లోంచి సిమెంటు దుమ్ము రాలుతోంది. తొడ కండరం రాయిలా ఉంది. బొటనవేళ్లు గుండ్రంగా తిప్పుతూ పోతే చాలాసేపటికి మెత్తబడింది. కుక్క చీర మీదికి ఒరిగి, తలను నా మోకాలి మీద వాల్చింది.

అప్పుడొచ్చింది అమ్మ, నిప్పులు వేసిన పెంక పట్టుకొని. మా వాడలో పసిపిల్లలకు నూనె రుద్ది నీళ్లు పోసేది అమ్మే. చివర్లో సాంబ్రాణి పొగ వెయ్యకపోతే ఆమెకు పని అయినట్టే ఉండదు.

"నాకుతదని నూనె అద్దంటివి. పొగన్న ఎయ్యనియ్యి. ఒళ్లు వట్టి ఊకె ఇడిస్తే సలి జెయ్యదా?"

"అమ్మా, గది కుక్కనే!"

"కుక్కైతే? పానం లేదా?"

నేను లేచేలోపే సాంబ్రాణి నిప్పుల మీద పడింది. అమ్మ కొంగుతో విసిరింది. కుక్క ఒక తుమ్ము తుమ్మి, కాళ్లు చాపి, కళ్లు మూసుకుంది.

"సూడు, పసిదాని లెక్క పండుకుంది," అని అమ్మ లోపలికి పోయింది.

అంతే, ఇక లేవలేదు. పిలిచాను. చప్పట్లు కొట్టాను. నీళ్ల గిన్నె మూతి దగ్గర పెట్టాను. చెవి కూడా కదలలేదు. ముక్కు ముందు చెయ్యి పెడితే తగిలింది ఊపిరో ఫ్యాను గాలో తెలియలేదు. నాడి చూడటం వచ్చినదాన్నే, దాని తొడ లోపల వేళ్లు ఆనిస్తే నా గుండె చప్పుడే నా వేళ్లలో కొట్టుకుంటోంది. కుక్కలకు పొగ వేయొచ్చా? ఎవరూ చెప్పలేదు, నేనెక్కడా చదవలేదు. దవాఖాన డాక్టరు మేడంకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

బాపు వచ్చి తొంగి చూశాడు. గొంతు తగ్గించి, "సచ్చిందా బిడ్డా?" అన్నాడు.

"ఏమో బాపూ."

ఆయన వాడకు కనబడకుండా షట్టర్ సగం దించాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

అంతలో లారీ వచ్చి ఆగింది. దాచే ధైర్యం కూడా లేదు నాకు. ఎదురు పోయి ఒక్క ఊపులో చెప్పేశాను. "కాకా, అది లేస్తలేదు. పొగ గూడ ఏసినం."

ఆయన వంగి షట్టర్ కింది నుంచి చూశాడు. తిరిగి లారీ ఎక్కాడు. పోలీసుల దగ్గరికే పోతున్నాడనుకున్నాను. హారన్ కొట్టాడు. వాడంతా బయటికొచ్చేంత గట్టిగా, పొడుగ్గా.

చీర మీద ఒక చెవి నిక్కింది. తర్వాత తల లేచింది. ముందు కాళ్లు నిలిచాయి. తర్వాత, తువాల లేకుండా, ఎవరి చెయ్యీ లేకుండా, వెనుక కాళ్లు వణుకుతూనే నిలబడ్డాయి. షట్టర్ కింది నుంచి దూరి, కుంటుకుంటూ లారీ దాకా నడిచింది.

"దానికి హారనొక్కటే సమజైతది," అన్నాడాయన. దాని తల నిమిరాడు. తర్వాత జేబులో చెయ్యి పెట్టాడు.

"అద్దు కాకా. సచ్చిందేమోనని గింత బుగులువడి పైసలెట్ల తీస్కుంట?"

"బుగులువడ్డది నువ్వు. నిద్రవోయింది అది. రేటు బోర్డు మీద రాసినవ్ గద, పట్టు. మల్ల లోడుకు మల్ల తోల్కొస్త. గా పొగ గూడ ఎయ్యమను అమ్మను."

లారీ మలుపు తిరగక ముందే బాపు షట్టర్ పూర్తిగా పైకి ఎత్తాడు. ఫోన్ల రిపేరు ఆయనకు ఫోన్ చేసి, వాడంతా వినేటట్టు అరిచాడు. "జాగా లేదు తమ్మీ! మా బిడ్డ షాపు నడుస్తాంది!"

ఇక నేను ఫోన్ చెయ్యాల్సినవాళ్లు:

హైదరాబాద్ హాస్టల్‌లో నా పక్క మంచం అమ్మాయి. కుక్క ఫొటో తీయడం మరిచిపోయానంటే తిడుతుంది.

రామన్నపేట మేనత్త. "డిగ్రీ జదివి కుక్కల కాళ్లు వడుతవా?" అన్నది ఆమే. స్పీకర్ పెట్టి చెప్పాలి, అమ్మ వినాలి.

ఎదురింటి అత్తకు అక్కర్లేదు. హారన్ విని పరిగెత్తుకొచ్చింది.

డాక్టరు మేడం. సాంబ్రాణి పొగ కుక్కలకు మంచిదా కాదా అడగాలి. కాదంటే అటు అమ్మకూ ఇటు కాకాకూ ఏం చెప్పాలో తెలియదు.

అందరికంటే ముందు చెయ్యాల్సింది లారీ కాకాకు. మేళ్లచెరువులో కుక్క మంచిగా దిగిందా అని అడగాలి. ఇప్పటికే రెండుసార్లు ఆయన ఇచ్చిన నంబరు నొక్కి, లేదంటాడేమోనని మోగక ముందే కట్ చేశాను.