చాంది పారబోసిన కూర

ఏన్కూరు పక్క తండాలో ఉండే చాంది పద్నాలుగేళ్లు సుబ్బరత్నమ్మ ఇంట్లో వంట చేసింది. సుబ్బరత్నమ్మ వాళ్లు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి, ఇక్కడ మిరప, పత్తి వేసి నిలదొక్కుకున్న రైతులు. పెద్దాయన పోయాక తోటల పని కొడుకు జయప్రకాశ్ చూసుకుంటున్నాడు. ఇంటి పెత్తనం మాత్రం ఆమెదే. చాంది చేతి వంటకు ఆమె ఎంత అలవాటు పడిందంటే, చాంది జ్వరమొచ్చి రాని రోజు మజ్జిగన్నంతో సరిపెట్టుకునేది.

చాందికి వంట నేర్పింది వాళ్లమ్మ. తండాలో మేకను కోసిన రోజు ఆమె మాంసాన్ని ముందు ఉల్లిగడ్డలు, ఉప్పు, పసుపుతో ఎర్రగా వేయించేది. నీళ్లు పోసి, మసిలి బాగా తెర్లినంక కట్టెలు వెనక్కి లాగి, నిప్పుల మీద వదిలేది. రెండు మూడు గంటలు అట్లా మగ్గితే పళ్లూడిన ముసలోళ్లు కూడా నమిలేవాళ్లు. అంతసేపూ అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదిలేది కాదు. బట్టలు కుట్టుకోవడం, బియ్యం ఏరుకోవడం అన్నీ అక్కడే.

రెండేళ్ల కిందట సుబ్బరత్నమ్మ కోడలు రాజ్యశ్రీ ఇంటికి ఒక స్లో కుక్కర్ తెప్పించింది. లోపల బరువైన పింగాణీ గిన్నె, పైన గాజు మూత. పొద్దున అన్నీ వేసి మీట నొక్కితే, సాయంత్రానికి కూర దానంతటదే అవుతుందట.

"ఇక నీకు పనే లేదు చాందీ. మూత పెట్టి మర్చిపోవడమే," అంది రాజ్యశ్రీ ఫోన్‌లో ఏదో వంటకం చూపిస్తూ.

పని తగ్గలేదు. కూరగాయలు కోసేది చాందే, మసాలా నూరేది చాందే, అడుగంటిన పింగాణీ గిన్నెను రెండు చేతులా ఎత్తి తోమేదీ చాందే. కానీ ఆమెకు ఒళ్లు మండింది అందుకు కాదు. ఆ కుక్కర్లో వండే తీరే ఆమెకు రోత పుట్టించింది. వేయించకుండా, తెర్లకుండా, పచ్చి మాంసాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టినట్టు ఉండేది. మధ్యాహ్నం మూత తీస్తే బూడిద రంగు ముక్కలు, వాటి మీద తెల్లటి నురగ, అంచుల వెంట జిగురు. గాజు మూతకు పట్టిన చెమట బొట్లు బొట్లుగా కూరలోకి కారుతుంటే చాంది మొహం తిప్పుకునేది.

"ఇది మసిలేదాంక ముందు గ్యాస్ మీద పెడదాం చిన్నమ్మగారూ," అని ఒకసారి చెప్పి చూసింది.

"అట్లా అయితే ఇది కొన్నది ఎందుకు?" అంది రాజ్యశ్రీ.

నిజానికి ఆ కుక్కర్ కూడా మంచిదే కావచ్చు, కరెంటు పోని ఇంట్లో, చూసుకునే మనిషి ఉన్నచోట. ఆ సంగతి చాందికి తర్వాత దవాఖానాలో నర్సు చెప్పింది.

మార్చి నెల. మిరపకాయలు ఏరడానికి దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్ల నుంచి కూలీలు వచ్చి, తోట గట్టున డేరాలు వేసుకుని ఉన్నారు. మొత్తం పద్దెనిమిది మంది. వాళ్లకు పెద్ద నాగక్క. ఏటా ఏరుడు అయిపోయే రోజు వాళ్లకు మాంసంతో భోజనం పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆ ఏడు ఆఖరి రోజు ఆదివారం పడింది.

శనివారం పొద్దున రాజ్యశ్రీ మూడు కిలోల మేకమాంసం కుక్కర్లో పెట్టించి మీట నొక్కింది. అది వాళ్లింటికోసమే. అంతలో సత్తుపల్లిలో పెళ్లికి పిలుపొచ్చి అందరూ బయల్దేరారు. సాయంత్రానికి తిరిగొస్తామన్నవాళ్లు రాత్రికి అక్కడే ఉండిపోయారు. చాందిని పొద్దున్నే ఇంటికి పంపేశారు. తొమ్మిదింటికి లైను మరమ్మతని పోయిన కరెంటు సాయంత్రం వచ్చింది. మళ్లీ మీట నొక్కే మనిషి లేక కుక్కర్ మొదలవలేదు.

ఆదివారం వాళ్లొచ్చాక చాంది వంటింట్లోకి అడుగు పెట్టగానే వాసన తగిలింది. మూత తీసింది. బుడగలు. పుల్లటి, తియ్యటి కంపు. ముక్కను గరిటెతో కదిపితే తీగలా సాగింది. ఆమెకు డోకొచ్చి, పెరట్లోకి పరుగెత్తి నోరు కడుక్కుంది.

"చెడిపోయింది. పారబోస్త," అంది తిరిగొచ్చి.

రాజ్యశ్రీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గిన్నెలోకి చూసింది. "మూడు కిలోలు పారబోస్తావా? ప్రెషర్ కుక్కర్లో నాలుగు కూతలు రానీ. గరం మసాలా బాగా దట్టించు. ఇవాళ కూలీలకు ఎట్లాగూ వండాలిగా, అందులో కలిపెయ్. వాళ్లకేం తెలుస్తుంది? అడవిలో ఏవేవో తింటారు."

సుబ్బరత్నమ్మ వంటింటి గడప మీద కూర్చుని చిక్కుళ్లు తుంచుతోంది. చాంది ఆమె వైపు చూసింది. ఆమె చిక్కుళ్ల వైపే చూస్తూ ఉండిపోయింది.

చాంది చేసింది. ఈ మాట ఆమే చెబుతుంది, దాచదు. నాలుగు కూతలు రానిచ్చింది, మసాలా గుప్పిళ్లతో వేసింది, కొత్త మాంసం వండిన పెద్ద గిన్నెలో దాన్ని కలిపేసింది. కంపు మసాలా కింద అణిగిపోయింది. అది చూసి ఆమెకు మరింత అసహ్యం వేసింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా మూడోసారి కడుక్కోవాలనిపించింది.

మధ్యాహ్నం కూర, అన్నం ట్రాలీ ఆటోలో తోటకు చేరాయి. కూలీలు కల్లం పక్కన విస్తరాకులు వేసుకుని కూర్చున్నారు. ఎండుమిరప ఘాటుకు అందరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి, అయినా నవ్వుతున్నారు. చాంది వడ్డించడం మొదలుపెట్టింది. నాగక్క తన పక్కన ఇంకో ఆకు వేసి, తన ఆకులోంచి ముక్కలు తీసి అందులో పెట్టింది.

"నువ్వూ కూసో అక్కా. పొద్దుటిసంది పొయ్యి కాడ ఉన్నవు. ఫస్టు నువ్వు తిను, మేం తింటం."

చాంది కూర్చుంది. చెయ్యి ముద్ద దాకా పోయింది. పొద్దున సాగిన ఆ ముక్క కళ్లముందు కదిలింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. తాను నోట్లో పెట్టుకోలేనిది వీళ్ల ఆకుల్లో పెట్టింది.

దిగ్గున లేచింది. "తినకుండ్రి! ఎవరూ తినకుండ్రి!" అని అరుస్తూ కూర గిన్నెను రెండు చేతులా ఎత్తి మిరప సాళ్లలో బోర్లించింది. నాగక్క లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏందక్కా, పిచ్చా?"

"అది నిన్నటి కుళ్లిన కూర నాగక్కా. ఎరికుండే వండిన. నేనే కలిపిన."

నాగక్క మరదలు దుర్గ నెమ్మదిగా అంది, "నేను అప్పటికే రెండు ముద్దలు తిన్న."

సాయంత్రం నాలుగింటికల్లా దుర్గకు వాంతులు పట్టుకున్నాయి. చాందే ఆమెను ఆటోలో దవాఖానాకు తీసుకుపోయింది. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ పక్కనే నిలబడి బొచ్చె పట్టింది. దుర్గ కక్కిన ప్రతిసారీ ఆ మసాలా వాసన. తాను గుప్పిళ్లతో వేసిన మసాలా. చాందికి తన చేతుల మీదే అసహ్యం కలిగింది. మర్నాడు దుర్గ గంజి తాగి లేచి కూర్చుంది. అప్పటిదాకా చాంది నోట్లో మెతుకు పెట్టలేదు.

ఆ రోజే జయప్రకాశ్ తల్లినీ భార్యనూ కార్లో ఎక్కించుకుని తోట దగ్గరకు వచ్చి, ఆ కూర ఎందుకు పెట్టారని అందరి ముందూ అడిగాడు. రాజ్యశ్రీ కారు దిగకుండానే జవాబిచ్చింది.

"నేను వేడి చెయ్యమన్నానండీ, కుక్కలకు వేద్దామని. కూలీలకు పెట్టమని ఎవరు చెప్పారు? అది చాంది తెలివి."

"అబద్దం," అంది చాంది. "పెద్దమ్మా, నువ్వు ఆడనే ఉన్నవు గదా. చెప్పు."

కారు వెనక సీట్లో ఉన్న సుబ్బరత్నమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "నేను సరిగ్గా వినలేదే," అంది.

పద్నాలుగేళ్లు చాంది ఆమె పళ్లెంలో ఉప్పు తక్కువ, కారం తక్కువ చూసి పెట్టింది. ఒంట్లో బాగా లేనప్పుడు అన్నం పిసికి పెట్టింది. వెనక్కి తిరిగి తండాకు నడిచింది. మళ్లీ ఆ ఇంటి మెట్టెక్కలేదు.

పది రోజులకు సుబ్బరత్నమ్మ తానే ఆటోలో తండాకు వచ్చింది. మనిషి కాస్త చిక్కింది. చాంది మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చింది.

"నోటికి ఏదీ పోవట్లేదే చాందీ. అయిందేదో అయింది, వచ్చెయ్."

"అమ్మా, ఆ పొద్దు గడప మీద కూసొని అంతా ఇన్నవు. ఒద్దని ఒక్క మాట ఎందుకనలే? అంటే నేను ఆపేదాన్ని గదా."

"కోడలితో గొడవెందుకని..."

"నువ్వు గొడవొద్దనుకున్నవు. నేను నౌకరీ పోతదనుకున్న. ఇద్దరం కలిసే పెట్టినం ఆళ్లకు. నీ మొహం జూస్తే నాకు నా మొహమే కనబడతది. నేను రానమ్మా."

సుబ్బరత్నమ్మ నీళ్లు తాగి వెళ్లిపోయింది.

చాంది ఇప్పుడు ఏన్కూరు బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు చేస్తుంది. మిరప ఏరే రోజుల్లో మాత్రం, రమ్మన్న రైతుల తోటల్లో కూలీలకు వండిపెడుతుంది. కరెంటు వంట ముట్టదు. పెద్ద పొయ్యి, మోదుగ కట్టెలు. పప్పయినా మాంసమైనా కళపెళ తెర్లినంకే మంట తగ్గిస్తుంది. వడ్డించే ముందు అందరూ చూస్తుండగా తాను తింటుంది. ఎవరూ అడగలేదు, ఆమే పెట్టుకున్న పద్ధతి.

పోయిన మార్చిలో నాగక్క గుంపు వేరే రైతు తోటకు వచ్చింది. చాందే వండింది. నాగక్క తిని, ఇంకొంచెం వేయించుకుంది. దుర్గ మాత్రం తన మూట విప్పి, ఇంటినుంచి తెచ్చుకున్న చింతపండు కారం అన్నంలో కలుపుకుంది. నాగక్క కసిరింది. "ఏందే, ఇంక మర్సిపోవా?"

చాంది గరిటె పక్కన పెట్టి అంది, "ఊకో నాగక్కా. బలవంతం చెయ్యకు. ఆమె జాగాల నేనుంటే నేను గూడ తినకపోదును."

దుర్గ తల ఎత్తలేదు. చాంది మంచినీళ్ల చెంబు ఆమె పక్కన పెట్టి, మిగతా వాళ్లకు వడ్డించడానికి వెళ్లింది.