గారు లేని అల్లుడు

కర్టెన్లావిడ కొట్లో ఒక కట్టుబాటు ఉండేది. "అల్లుడుగారు" అంటే ఆమె కూతురి భర్త, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "అల్లుడు" అంటే ట్యూబులైటు వెనక కాపురముండే బల్లి. గారు ఉంటే మనిషి, లేకపోతే బల్లి.

నిజానికి ఆ పేరు ముందు బల్లిదే. కూతురికి సంబంధాలు చూస్తున్న రోజుల్లో అది కొట్లోకి చేరి, పనీపాటా లేకుండా గోడకు అతుక్కుని, తిండివేళకు మాత్రం తల కిందికి వంచి చూసేది. "పెళ్లి కాకముందే అల్లుడొచ్చి కూర్చున్నాడు" అని ఆవిడ నవ్వింది. తర్వాత అసలాయన వచ్చాడు. బల్లికి వేరే పేరు పెట్టి చూశారుగాని అది పలకలేదు. ఆయనే సర్దుకున్నాడు. తన తల్లికి మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

కొట్టు తెరవగానే ఆవిడ దారాలు లాగే పట్టకారుతో ఒక రెక్కల పురుగును పట్టి, బల్ల ఎక్కి చెయ్యి చాపేది. "ఒరే అల్లుడూ, రారా" అంటే వచ్చేవాడు. ఖాతాదారుల మొహం మీద అనలేని మాటలన్నీ వాడితోనే అనేది. "విన్నావా అల్లుడూ, గృహప్రవేశం రేపట. కిటికీలున్నాయని ఇవాళ గుర్తొచ్చిందట." ఖాతాదారు నొచ్చుకోవడానికి వీల్లేదు. ఆవిడ బల్లితో కదా మాట్లాడింది.

ఆ రోజు కర్టెన్లకు రింగులు దిగ్గొట్టే రింగులామె, రెండు పక్కలా అంటుకునే టేపును బల్ల మీద పరిచి, ఎవరో పిలిస్తే బయటికి వెళ్లింది. వచ్చేసరికి అల్లుడు దాని మీద బోర్లా పడి, పొట్ట నుంచి కాళ్లదాకా అతుక్కుపోయి ఉన్నాడు. కంగారులో టేపు ఎత్తబోయింది. తోక ఊడి వచ్చి బల్ల మీద విడిగా గంతులు వేసింది.

"అక్కా! తోక వేరు, మనిషి వేరు అయిపోయాడక్కా!"

కర్టెన్లావిడ అరవలేదు. కొట్లో ఏది బిగుసుకున్నా ఏం చేస్తారో అదే చేసింది. కుట్టుమిషను నూనెబుడ్డి తెచ్చి, చుక్క చుక్క వేసి, చిటికెనవేలితో పొట్ట కింద నుంచి నెమ్మదిగా వదిలించింది. బయటపడ్డవాణ్ని గోడకు ఆనించింది. వాడు నున్నగా జారి కింద పడ్డాడు. మళ్లీ ఆనించింది. మళ్లీ పడ్డాడు.

"కాళ్లు పోయాయే వీడికి" అని ఆవిడ నేల మీద కూలబడింది. ఆ గొంతు రింగులామె అంతకుముందెప్పుడూ వినలేదు. తప్పు తనది. ఏదో ఒకటి చెయ్యాలని రింగులామె, ఆవిడ కూతురికి ఫోను చేసింది. కూతురు ఫోను ఇంట్లో వదిలి బజారుకు వెళ్లింది. ఎత్తింది అత్తగారు.

"అమ్మాయ్, అల్లుడు పైనుంచి పడ్డాడు! రెండుసార్లు! కాళ్లు ఆడట్లేదు, అక్క ఏడుస్తోంది, తొందరగా రా!"

లిఫ్టు మెకానిక్కు తల్లికి అంతకంటే వినాల్సిన అవసరం లేకపోయింది. కొడుక్కి ఫోను చేస్తే అందలేదు. లిఫ్టు గుంటలో ఉన్నవాడికి ఎప్పుడు అందింది గనుక. ఆటో ఎక్కి, చెప్పులు జత కలవకుండానే వచ్చి పడింది.

"వదినగారూ, ఏడీ? ఎక్కడ పడుకోబెట్టారు?"

కర్టెన్లావిడ ముక్కు తుడుచుకుని బల్ల మీద ప్లాస్టిక్ డబ్బా మూత చూపించింది. "ఇదిగో. ఉలుకూ పలుకూ లేదు."

వియ్యపురాలు మూతలోకి వంగి చూసింది. తడిగుడ్డ మీద, నూనె మెరుపుతో, తోక లేని బల్లి.

"ఇదా అల్లుడు?"

"గారు అనలేదు కదండీ నేను" అంది రింగులామె.

"అయితే మావాడు పడితే గారు పడ్డారు అనేదానివా? వదినగారూ, నా కొడుకు పేరు బల్లికి పెట్టారా?"

"లేదు వదినగారూ. వీడి పేరే..." అని మొదలుపెట్టి, అది ఇంకా అన్యాయంగా ఉంటుందని కర్టెన్లావిడ ఆగిపోయింది.

అప్పుడే మిస్డ్ కాల్స్ చూసుకుని, తల్లి కొట్టుకు వచ్చిందని తెలిసి కొడుకు పరిగెత్తుకొచ్చాడు. తల్లి అతణ్ని పైనుంచి కిందిదాకా తడిమి, రెండు చేతులూ రెండు కాళ్లూ ఉన్నాయని తేల్చుకుని, అప్పుడు నెత్తి మీద ఒకటి మొట్టింది. "నీకు తెలుసా ఈ భాగోతం?"

"అమ్మా, తర్వాత తిడుదువుగాని. అత్తయ్యా, పదండి డాక్టరు దగ్గరికి."

"నేనూ వస్తా. ఏ డాక్టరు చూస్తాడో నేనూ చూస్తా" అంది తల్లి.

పశువుల ఆసుపత్రిలో ఉన్నది కుర్ర డాక్టరమ్మ. అల్లుణ్ని తిప్పి చూసి, "ఏం రాశారు?" అంది.

"మిషన్ నూనె."

"ఏ మిషను?"

"కుట్టుమిషనే. మా దగ్గర ఏది బిగుసుకున్నా దానికే వదులుతుంది."

డాక్టరమ్మ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. "కాళ్లకేం కాలేదమ్మా. ఇంత నూనె పూస్తే మీరైనా నేనైనా గోడ ఎక్కగలమా? తోక మళ్లీ వస్తుంది. కడుపులోకి నూనె పోతే మాత్రం కష్టం. ముందు సబ్బునీళ్లతో కడగాలి. గట్టిగా పట్టకూడదు, వదలకూడదు. ఎవరు పడతారు?"

కర్టెన్లావిడ చేతులు ఇంకా నూనెతో జారుతున్నాయి. లిఫ్టు గుంటల్లో తాళ్లకు వేలాడే ఆమె అల్లుడుగారు గుమ్మందాకా వెనక్కి నడిచారు.

"ఇలా తెండి" అంది వియ్యపురాలు చెయ్యి కడుక్కుంటూ. "ఈ మొహానికి నీళ్లు పోయడానికి ఇంతమందా?" అరచేతిలో బోర్లా పడుకోబెట్టి, బొటనవేలు మెడ మీద ఆనించి, పసిబిడ్డకు పోసినట్టు పోసింది. "గింజుకోకు. తల వంచు. అయిపోయింది, అయిపోయింది."

తుడిచాక డాక్టరమ్మ వాణ్ని గోడకు ఆనించింది. వాడు కాసేపు అక్కడే ఆలోచించాడు. ఒక కాలు, ఇంకో కాలు. తర్వాత సరసరా లైటుదాకా ఎక్కి, అక్కడ వాలిన దోమను లటుక్కున మింగాడు.

"తిన్నాడు. ఇక పర్లేదు" అంది డాక్టరమ్మ.

"దిగరా అల్లుడూ. ఇంటికి పోదాం" అంది కర్టెన్లావిడ, చేతులు చాచి. వాడు ఇంకో దోమ వైపు జరిగాడు.

"ఇక్కడే ఉంచెయ్యండి. దోమలు బోలెడు."

"ఇల్లరికం పంపడానికా డాక్టరమ్మా, ఇన్నాళ్లు సాకింది?" ఆవిడ మునివేళ్ల మీద లేచింది. "ఒరే, నిన్నేరా."

వియ్యపురాలు బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చింది. "కూర్చోండి వదినగారూ. అలా పిలవకండి. పిలిచేకొద్దీ బెట్టు చేస్తారు. మావాడూ అంతే."

గుమ్మంలో నిలబడ్డ లిఫ్టు మెకానిక్కు ఎవరిదో కుక్కపిల్లను మహా శ్రద్ధగా చూడసాగాడు.