తొమ్మిదికి మిగిలిన మూడు పోగులు

గంజి వాసన తగిలితే ఎవరికైనా ఆకలి గుర్తుకొస్తుంది. నాకు మాత్రం నా తెలివితక్కువతనం గుర్తుకొస్తుంది. మొన్న కుక్కరు చెడిపోయి కోడలు గిన్నెలో అన్నం వార్చింది. ఆ ఆవిరి ముక్కుకు సోకగానే ఎమ్మిగనూరులో మా సందు, ఎండ ఎక్కకముందే సందు పొడవునా సాపిన నిలువుపోగుల పడుగు, దానిమీద కుంచెతో గంజి దువ్వే మా నాయన, పడుగు కింద దూరి ఆడే మేము, "పోగు తెగిందంటే కాళ్ళు ఇరగ్గొడతా" అని అరిచే మా అవ్వ, అందరూ వరసగా వచ్చి నిలబడ్డారు. వరస చివర నేను చెప్పిన తప్పు లెక్క కూడా నిలబడింది.

"రెంటికీ అయిదుకూ చివరి అంకె చూస్తే చాలు" అని అయ్యవారు చెప్పిన రోజు నేను బడిలోనే ఉన్నాను. మూడుకూ తొమ్మిదికీ చెప్పిన రోజు మాత్రం సంతలో బొరుగుల ఉగ్గాని ముందు కూర్చుని మిరపకాయ బజ్జీలను భాగించే పనిలో ఉన్నాను. కాబట్టి తొమ్మిదికి కూడా చివర తొమ్మిది ఉంటే చాలనుకున్నాను. మరి పందొమ్మిది తొమ్మిదో ఎక్కంలో కనబడదే అన్న అనుమానం రావాలంటే ముందు ఆ ఎక్కం రావాలి కదా!

అవి యుద్ధం రోజులు, నూలుకు కరువు. మాది చారల దుప్పట్ల మగ్గం. మగ్గం వెడల్పు తక్కువ కాబట్టి రెండు పన్నాలు నేసి, పక్కపక్కన పెట్టి మధ్యలో కుట్టేవాళ్ళు. మూడు ఎర్రపోగులు, ఆరు తెల్లపోగులు, మళ్ళీ ఎర్రవాటితో మొదలు. అలా తొమ్మిదేసి పోగుల వరస. పన్నాకు వేసే పోగులు మిగలకుండా తొమ్మిదికి తెగితేనే కుట్టు దగ్గర చార చెదరదు. తాతలనాటి లెక్క ఒకటి ఉండేది గానీ ఆసారి దొరికిన నూలు దానికి చాలలేదు.

"బడికి పోతాండావు గదప్పా, ఐదునూర్ల లోపల తొమ్మిదికి తెగే లెక్క ఒగటి సెప్పు" అన్నాడు నాయన.

"నాలుగువందల ఎనభై తొమ్మిది!" అన్నాను, ఊపిరి పీల్చకుండా. నాయన మురిసిపోయి పక్క మగ్గాలవాళ్ళకంతా చెప్పి వచ్చాడు.

దసరా ముందు అక్క రెండు పన్నాలూ కుట్టి పరిచింది. కుట్టుకు ఈ పక్క మూడు ఎర్రపోగులు, ఆ పక్క మూడు ఎర్రపోగులు ఒకటైపోయి, దుప్పటి నడిమధ్యన తలనుంచి కాళ్ళదాకా లావుపాటి ఎర్రనామం! అప్పుడే ఆదోని నుంచి భక్ష్యాలు తినడానికి దిగాడు మా అత్త కొడుకు శీనప్ప బావ. వాళ్ళ నాయన పత్తి మండీలో గుమాస్తా, తను హైస్కూలు.

"ఏంరా, మూడు మిగిల్చినావా? ఇంగ నీ పేరు మిగులప్ప!"

దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరంలో తగిలిన దెబ్బలైనా దీపావళికి మానేవి గానీ ఆ పేరు మానలేదు. నాయన నన్ను లెక్క అడగడం మానేశాడు. నూలు కండెలు చుట్టే పని ఒక్కటే నాకు మిగిలింది. ఆయన నోట మళ్ళీ "లెక్క సెప్పప్పా" అనిపించాలి, అంతవరకూ బజ్జీ ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

తెగిన పోగులు ఏరి పదేసి కట్టలు కట్టాను. పదిలోంచి తొమ్మిది లాగేస్తే ఒకటి మిగిలింది. నూరులోంచి పదకొండు తొమ్మిదులు, అంటే తొంభై తొమ్మిది లాగినా ఒకటే. అంటే నేను చెప్పిన లెక్కలో నాలుగు నూర్లకు నాలుగు, ఎనిమిది పదులకు ఎనిమిది, విడిగా ఉన్న తొమ్మిదీ కలిపితే ఇరవై ఒకటి. రెండు తొమ్మిదులు పోగా మూడు. అవి నా మూడే! నేను బజ్జీల పాలు చేసుకున్న పాఠం ఇదేనన్నమాట: అంకెలు కలిపి చూడు, ఆ మొత్తం తొమ్మిదికి తెగితే సంఖ్యా తెగుతుంది.

"నాయనా, నాలుగువందల ఎనభై ఆరు ఏద్దాం. నాలుగు, ఎనిమిది, ఆరు, పద్దెనిమిది. మిగలదు."

నాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏస్తా. మిగిల్తే ఈసారి ఆ కుట్టులో నిన్నే పెట్టి కుడతా."

మిగల్లేదు. ఆ తర్వాత పడుగు లెక్కలన్నీ నావే. బజ్జీలు కూడా.

కొన్నేళ్ళకు మా అక్కను శీనప్ప బావకే ఇచ్చారు. పుట్టింటి మగ్గం మీద నేసిన దుప్పటిని అత్తవారింట పదిమంది ముందు పరచడం మా వాళ్ళ ఆనవాయితీ. అది నేనే నేశాను. ఆదోనిలో విప్పి పరిస్తే నడిమధ్యన మళ్ళీ అదే ఎర్రనామం.

"ఏంరా మిగులప్పా, ఇంగా లెక్క రాలేదా?" అన్నాడు పెళ్ళికొడుకు, అందరూ వినేలా.

"వచ్చింది బావా. పన్నాకు ఐదువందల డెబ్బై తొమ్మిది పోగులు ఏసినా. తొమ్మిదికి పోను ఎన్ని మిగులుతాయో, పోగు ముట్టకుండా నువ్వు సెప్పు."

బావ పైకప్పు చూశాడు, వేళ్ళు మడిచాడు, పలకా బలపమూ లేవే అన్నట్టు చుట్టూ చూశాడు. కండెలు చుడుతూ నా దగ్గర ఈ విద్య నేర్చుకున్న అక్క వంచిన తల ఎత్తకుండా, "మూడు" అంది. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు.

"కావాలనే మిగిల్చినా బావా. గీతకు ఈ పక్క నీది, ఆ పక్క మా అక్కది. చలికాలం దుప్పటి లాక్కునేటప్పుడు గుర్తుపెట్టుకో."

ఇప్పుడు ఆ సందులో సిమెంటు పోశారు. పడుగు సాపేచోట మోటారు సైకిళ్ళు నిలబడి ఉంటాయి. కొట్లలో దొరికే దుప్పట్లకు నడిమ కుట్టూ లేదు, లెక్క తప్పే భయమూ లేదు. ఆదోనిలో అక్క దగ్గర ఆ ఒక్కటి మాత్రం ఉంది, ఎర్రగీత వెలిసి ఇటుకరంగు తేలింది. బావ ఉన్నన్నాళ్ళూ పడుకునే ముందు ఆ గీత సరిగ్గా మంచం నడుమకు వచ్చిందో లేదో చూసుకునేవాడట. నన్ను మిగులప్ప అనడం మాత్రం ఆ పెళ్ళినాడే మానేశాడు.