ఆరో నంబరు బనియను

మా చర్చి అయ్యగారు ఏడాదికోసారైనా ప్రసంగంలో నా కబడ్డీ కథ చెప్తారు. "మన అక్క సంతోషంగా కెప్టెను స్థానంలోకి పోయి దెబ్బలు తినింది. ప్రభువు కూడా అట్లే..." అంటారు. సంతోషంగానా? ఆ రోజుల్లో నేను సంతోషంగా చేసిన పని హాస్టల్లో నిద్రపోవడం ఒక్కటే.

తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ జట్టులో నేను ఎక్‌స్ట్రా ప్లేయర్ని. అంటే నీళ్ళబిందె పక్కన కూర్చుని అందరి చెప్పులకూ కాపలా. నంబరు బనియన్లు ఏడే కుట్టించినారు (నాకోసం ఎనిమిదోది దండగ కదా). శ్రీకాళహస్తిలో ఫైనలు చివర్లో మా కెప్టెనుకు కాలు బెణికింది. ఆ కెప్టెన్ని అందరం పులి అనేవాళ్ళం. చుడీదారు మీద తొడుక్కున్న ఆరో నంబరు బనియను తీసి నా మొహాన విసిరింది.

"ఏసుకోమే. కూతకు పో."

"నీ చెమట కంపు నేను మొయ్యాల్నా?"

"వాదించేది మళ్ళీ వాదిద్దువులే, ముందు పో!"

పోయినాను, పైకి కూత, లోపల తిట్లు. ఆరుగురు ఒక్కసారిగా మీద పడినారు. నేల కరిచినాను, నిజంగానే. ముందు పన్ను సగం అక్కడే ఉండిపోయింది. చెయ్యి మాత్రం గీతను తాకింది. గెలిచినాం. మైకాయన నంబరు చూసుకుని పులి పేరు చదివినాడు. అది కుంటుకుంటూ పోయి బహుమతి స్టీలు క్యారియరు తీసుకునింది.

సాయంత్రం అందరూ బిరియానీకి పోయినారు. నేను విడిది గదిలో మూతికి తడి తువ్వాలు అదుముకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, పులేమో అని చూసేదాన్ని. వచ్చి "నొప్పి ఉండాదా?" అంటే నాలుగు తిట్టి క్షమించేద్దామని సిద్ధంగా ఉన్నాను. రాలేదు.

అయ్యగారూ, మీరు పొరబడింది ఇక్కడే. సగం పన్నుకే ఇన్నేళ్ళు సణిగినదాన్ని, నేనెట్లా ప్రభువుకు పోలిక? ఆయన ఒక్క మాట అనకుండా నా బదులు సిలువకు పోయినాడు. దెబ్బలు ఆయనవి, గెలిచినట్టు చదివింది నా పేరు. కుంటుకుంటూ పోయి క్యారియరు అందుకున్నది నేను. ఈ ఆటలో పులిని నేనే.

అందుకే ఆదివారం అందరూ వెళ్ళిపోయినాక ఖాళీ చర్చిలో ఇంకాసేపు కూర్చుంటాను (ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు ఎవరున్నారు గనక). "నొప్పి ఉండాదా ప్రభువా?" అని అడుగుతాను. ఆ గదిలో మెట్లవైపు చూస్తూ కూర్చున్న పిల్ల గుర్తొచ్చి, సగం పన్నుతో నవ్వుకుంటాను.

ఒక్కటే తేలలేదు. సిలువ వేసిన రోజు ఆయనకు బదులు విడుదలైన బందిపోటున్నాడే, ఇంటికి పోతా పోతా ఒక్కసారైనా ఆ కొండవైపు తిరిగి చూసినాడా? అయ్యగార్ని అడిగితే "వాక్యంలో రాయలేదమ్మా" అంటారు. రాయలేదని నాకూ తెలుసు. చూసినాడా, లేదా?