తువ్వాల్లో చుట్టిన గాలం

ఒక మనిషికి లేని మతిమరుపును నేను అంటగట్టాను. పదేళ్ళు దాటింది. ఆయన దాన్ని నిజమని నమ్మి, దానికి తగ్గట్టే బతుకుతున్నారు. ఎదురుపడ్డ ప్రతిసారీ ఈ మాట గొంతుదాకా వస్తుంది. మింగేస్తాను. ఈ మధ్య మింగడం కూడా చేతకావడం లేదు. అందుకే మీతో చెబుతున్నాను. మీకు ఆయన తెలియరు, నేనూ తెలియను. ఆ ధైర్యంతోనే చెబుతున్నానేమో.

ఆయన ప్రకాశరావు గారు. వట్లూరులో ఒక కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా చేసేవారు. నేను ఏలూరులో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసేవాణ్ణి. ఇద్దరికీ గాలం పిచ్చి. సెలవులు కలిసిన రోజున కైకలూరు బస్సెక్కి, దారిలో ఏదో ఒక కాలవ గట్టున దిగేవాళ్ళం. వానపాములు, పిండి ముద్దలు ఆయనకు గిట్టవు. లూర్లే వాడాలి. అంటే ఎరకు బదులు చేపలాగా, కప్పలాగా చేసిన బొమ్మలు. కింద మూడేసి కొక్కేలు వేలాడుతుంటాయి.

పట్టడం ఒక ఎత్తు, తిరిగి సర్దడం ఒక ఎత్తు. ప్రతి లూరునూ మంచినీళ్ళతో కడగాలి. తుడవాలి. ఆరాలి. సైకిలు వాల్వు ట్యూబును చిన్న చిన్న ముక్కలుగా కోసి తెచ్చుకునేవారు. ఒక్కో కొక్కెం మొనకు ఒక్కో ముక్క తొడిగి, అప్పుడు గదుల పెట్టెలో దేని గదిలో దాన్ని పెట్టాలి. రబ్బరు కప్పలకు వేరే డబ్బా. ఎండకు అవి మెత్తబడి పక్కవాటి రంగు తినేస్తాయట. ఆయన నోటితో ఊది మరీ ఆరబెడుతుంటే, నేను గట్టున నిలబడి మా బస్సు వెళ్ళిపోవడం చూసేవాణ్ణి. ఒళ్ళు మండేది. అవతల డెస్కులో పేజీలు నా కోసం కూర్చోవు కదా.

ఆ రోజు కూడా ఆయన అన్నీ సర్దేశారు. పెట్టె సంచిలో పెట్టి, టీ తెస్తానని రోడ్డు మీదికి వెళ్ళారు. సరిగ్గా అప్పుడే కాలవలో గుర్రపుడెక్క మొక్కల పక్కన నీళ్ళు ఎగిరిపడ్డాయి. కొరమీను. పెద్దది. ఉండబట్టలేకపోయాను. పెట్టె తెరిచి చేప బొమ్మ ఒకటి తీశాను. మొనలకున్న ట్యూబు ముక్కలు లాగి చొక్కా జేబులో వేసుకున్నాను. రెండుసార్లు విసిరాను. ఏమీ పడలేదు. రోడ్డు మీంచి ఆయన కేక, వెనకాలే బస్సు హారను. తడి బొమ్మను ఆయన క్యారేజీకి చుట్టి తెచ్చిన తువ్వాల్లో చుట్టి, ఆయన సంచి పక్క జేబులో కుక్కి పరిగెత్తాను. బస్సెక్కాక చెబుదామనుకున్నాను. ఎక్కాక నిద్రపోయాను.

ఇంతవరకూ తొందరపాటు. దీనికి ఎవరైనా క్షమిస్తారు. నేనూ క్షమించుకున్నాను.

సాయంత్రం డ్యూటీలో కలం కోసం జేబులో చెయ్యి పెడితే ట్యూబు ముక్కలు తగిలాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఫోను పక్కనే ఉంది. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదు? పని ఎక్కువగా ఉందని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. చేస్తే ఆయన క్లాసు పీకుతారు. పెట్టెలోంచి ఎందుకు తీశారు, తడిది ఎందుకు చుట్టారు, మొనలు ఎందుకు వదిలేశారు అని ఆ మెత్తని గొంతుతో ఒక్కొక్కటే అడుగుతారు. అది వినే ఓపిక నాకు లేదు. అంతే. అంత చిన్న కారణం. ముక్కల్ని చెత్తబుట్టలో వేసి పేజీ చూసుకున్నాను.

మర్నాడు పొద్దున ఆయన భార్య సుగుణమ్మ గారు ఉతకడానికని సంచి జేబులోంచి తువ్వాలు లాగారు. రాకపోతే గట్టిగా లాగారు. కొక్కెం కుడి చూపుడువేలి కణుపులో దిగిపోయింది. లోపలికి వెళ్ళడమే గానీ వెనక్కి రాని మొన అది. కోసి తీశారు. తర్వాత చీము పట్టింది. మళ్ళీ కోశారు. ఆ వేలు మళ్ళీ వంగలేదు. ఆమె చర్చిలో హార్మోనియం వాయించేవారు.

వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆమె కట్టుతో కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"చూశారా అన్నయ్యగారూ, ఈయన జాగ్రత్త! కొక్కేలన్నిటికీ టోపీలు పెడతారండి. పెళ్ళాం వేలికే పెట్టలేదు," అని నవ్వారు.

ఆయన నవ్వలేదు. "అన్నీ పెట్టెలో పెట్టాననే అనుకున్నానండి. ఒక గది ఖాళీగా ఉంది. తువ్వాల్లో ఎప్పుడు చుట్టానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. మీరేమైనా చూశారాండీ?"

అడిగారు. చూశారా అని అడిగారు. తీశారా అని అడగలేదు. ఆ అనుమానమే ఆయనకు రాలేదు.

"లేదు మాస్టారూ," అన్నాను. అక్కడ ఆగితే సరిపోయేది. ఆగలేదు. "వయసొస్తోంది కదండీ. మరుపు మామూలే," అన్నాను.

ఆ రెండో మాటే నన్ను తినేస్తున్నది. మొదటిది పిరికితనం. రెండోదాన్ని ఏమనాలి? జవాబు దొరకక తల్లడిల్లుతున్న మనిషికి ఒక తప్పుడు జవాబు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని జాగ్రత్తగా దాచుకున్నారు.

గాలాలన్నీ ఎవరికో ఇచ్చేశారు. గ్యాసు కట్టేశానా అని వీధి చివరినుంచి వెనక్కి వెళ్ళడం మొదలైంది. బండి నడపడం మానేశారు. డాక్టరు పరీక్ష చేసి ఏమీ లేదన్నా నమ్మలేదు. ఇంట్లో వంగని వేలు కనిపిస్తుంటే ఎలా నమ్ముతారు? నాకు తాడేపల్లిగూడెం బదిలీ అయినప్పుడు, దూరమైతే నేనైనా మరిచిపోతానని సంతోషించాను. వార్తలో ఇంటిపేరు తప్పు పడితే మర్నాడు సవరణ వేయించేవాణ్ణి, దీనికి మాత్రం రేపు రేపు అంటూ రిటైరయిపోయాను.

నిజం చెప్పాలంటే ఆయన మీద కూడా కోపం వస్తుంది. గట్టున నేనొక్కణ్ణే ఉన్నాను కదా! ఒక్కసారైనా నిలదీయొచ్చు కదా! అంత తెలివైన మనిషి, తన బుర్రను అనుమానించారు గానీ నన్ను అనుమానించలేదు. ఇదేం మంచితనం? ఇలా విసుక్కున్నాక, తప్పు ఆయన మీదికే మళ్ళీ తోస్తున్నానని తెలిసి మరింత విసుగొస్తుంది.

పోయిన నెల కలిశాను. చర్చి తలుపులు తెరవడం, మూయడం ఎన్నో ఏళ్ళుగా ఆయన పనే. తాళంచెవి వేరేవాళ్ళకి అప్పగించేస్తున్నానని చెప్పారు. తనమీద తనకు నమ్మకం లేదట. నేను తల ఊపాను. ఊపుతూ ఆ తలను ఎవరైనా పట్టుకుని ఆపితే బాగుండుననుకున్నాను.

ఇది ఆయన చదువుతారో లేదో తెలియదు. చదివితే ఏమంటారో ఊహించలేను. సుగుణమ్మ గారు ఈసారి నవ్వరు. నవ్వాలని నేనూ కోరను. ఒక్క మాట మాత్రం ఇన్నాళ్ళకు కాగితం మీద పెట్టగలిగాను, చెయ్యి కొంచెం తేలికగా ఉంది.

మాస్టారూ, మీరు ఆ రోజు ఏదీ మరిచిపోలేదు.